పరంజ్యోతి గారి మూడో సీసా

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి అది. సూళ్లూరుపేటలో ఇల్లు, చెన్నైలో ఉద్యోగం. పొద్దున్నే లోకల్ ట్రైన్ ఎక్కడం, దీపాలు పెట్టే వేళకు దిగడం. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఫుడ్ కంపెనీలో క్వాలిటీ చూస్తాది" అని చెప్పి వెంటనే మాట మార్చేది. నిజానికి నేను పనిచేసేది విదేశీ బ్రాందీలు, విస్కీలు దిగుమతి చేసుకునే ఒక చిన్న సంస్థలో. వచ్చిన సరుకు వాసన చూసి, రుచి చూసి, ఇది వాళ్ళు చెప్పిన సరుకేనా, దారిలో ఎండకు చెడిందా, మూత కారిందా అని తేల్చడం నా పని. దీన్ని మేము నోసింగ్ అంటాం. పేరుకు టేస్టింగ్ అన్నా పనిలో ముప్పాతిక భాగం ముక్కుదే. నోట్లో పోసుకున్నది కూడా నాలుక మీద తిప్పి బకెట్లో ఉమ్మేస్తాం. మింగుతూ కూర్చుంటే మధ్యాహ్నానికి నోసింగూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు.

ఈ ఉమ్మేసే సంగతి మా చర్చిలో చాలామంది నమ్మలేదు. తాతల నాటి నుంచి ప్రొటెస్టెంట్ కుటుంబం మాది. ప్రభు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి కూడా కిస్‌మిస్ నానబెట్టి మరిగించిన రసమే వాడతారు. అలాంటి చోట బ్రాందీ వాసన చూసి జీతం తెచ్చుకునే ఆడమనిషి ఉందంటే ఊరుకుంటారా! "నిజంగా ఉమ్మేస్తావా రూతమ్మా?" అని ఒక సంఘపెద్ద నన్ను ఆరాధన అయ్యాక ఆపి మరీ అడిగాడు. "మీరొచ్చి బకెట్ పట్టుకోండయ్యా, తెలుస్తుంది" అన్నాను. నాకు కోపం తొందర. ఆయన మళ్ళీ నా ఉద్యోగం ఊసెత్తలేదు.

అందుకే బిట్రగుంట నుంచి గ్రేస్ అనే ఒక టీచరు ఫోన్ చేసి, మా సంఘం వాళ్ళే నా నంబరు ఇచ్చారని చెప్పినప్పుడు, ఇంకెవరో బుద్ధి చెప్పడానికి బయలుదేరారనుకుని గొంతు బిగించాను.

"వందనాలు రూతక్కా. మా నాన్న పోయి ఏడాది కావస్తా ఉంది. బట్టలు ఎవరికన్నా ఇద్దామని ఆయన ట్రంకుపెట్టె తీస్తే, అడుగున మూడు బ్రాందీ సీసాలు దొరికినాయి. ఫారిన్‌వి. అప్పట్నించి మా అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. నువ్వొకసారి వచ్చి చూడాలక్కా."

"సీసాలు దొరికితే అన్నం మానేయడం ఎందుకమ్మా? తీసి అవతల పారేయండి."

"రెండిటికి సీలు అట్నే ఉండాది. ఒకటి తెరిచి ఉందక్కా."

ఆ చివరి మాట ఆమె గొంతు తగ్గించి చెప్పింది. శనివారం వస్తానన్నాను.

గ్లాసులు తువ్వాలులో చుట్టి, సామాను సంచిలో పెట్టుకుని మెమూ రైలు ఎక్కాను. రైల్వే కాలనీ దాటాక రెండు గదుల పెంకుటిల్లు వాళ్ళది. వసారాలో చాప మీద గ్రేస్ తల్లి సలోమమ్మ గారు కూర్చుని ఉన్నారు. డెబ్బై దగ్గర పడిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. నేను చెప్పులు విప్పేలోపే అడిగేశారు.

"నువ్వు చూసి చెప్పగలవంట కదా అమ్మణ్ణీ. మా ఆయన తాగినాడా, లేదా?"

నా సర్వీసులో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. సరుకు ఏ దేశానిది, ఎన్నేళ్ళది, అసలుదా నకిలీదా, ఇవి అడుగుతారు. తాగిన మనిషి గురించి సీసాను అడగడం ఏమిటి? ఆ మాటే చెప్పబోయాను గానీ ఆమె ముఖం చూసి పక్కన చాప మీద కూర్చున్నాను. అప్పుడు సంగతంతా చెప్పారు.

ఆమె భర్త పరంజ్యోతి గారిది బోగోలు దగ్గర సముద్రపు పల్లె. సరుకు ఓడల్లో వంటవాడిగా పనిచేశారు. సలోమమ్మ గారి తండ్రి తాగుబోతు, ఆ బాధ చూసి పెరిగిన పిల్ల ఈమె. ఓడల మీద తిరిగే వాడిని చేసుకోనని మొండికేస్తే, పెళ్ళిచూపుల్లోనే పరంజ్యోతి గారు బైబిలు మీద చెయ్యి పెట్టి, నోట చుక్క వేయనని మాటిచ్చారట. అది మొదలు ఏటా డిసెంబరు ముప్పై ఒకటి ఆరాధనలో ఈమె లేచి సాక్ష్యం చెప్పేవారు. సాక్ష్యం అంటే, దేవుడు తనకు చేసిన మేలు సంఘం అంతటి ముందూ నిలబడి చెప్పడం. నా భర్త ఏడు సముద్రాలు తిరిగినా చుక్క తాగలేదు, దేవునికి స్తోత్రం అని చెప్పేవారు. ఊళ్ళో తాగే మొగుళ్ళున్న ఆడవాళ్ళు ఆ మాట విని ఏడ్చేవారట. మరుసటి రోజు ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. భార్యగా ఆమె లేచి మాట్లాడాలి.

"రేపు నేను నిలబడి ఏం చెప్పాల? ముప్పై ఏండ్లకు పైగా దేవుని సన్నిధిలో చెప్పినా. అది అబద్ధమైతే, ఆడింది ఆయన గాదు. నేను."

గ్రేస్ మంచినీళ్ళు ఇస్తూ విసుక్కుంది. "తాగితే తాగినాడు లేమ్మా. ఓడ మీద చలికి ఒక గుక్క వేసుకుని ఉంటాడు. పోయినోడి మీద ఇంకా పంచాయతీ ఏంది?"

"నీకు పంచాయతీ. నాకు ఆయన మాట" అన్నారు సలోమమ్మ గారు. 

సీసాలు తెప్పించి చూశాను. మూడూ ఒకే కంపెనీ కోన్యాక్. ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతంలో తెల్ల ద్రాక్షతో కాచి, ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచే బ్రాందీని కోన్యాక్ అంటారు. మామూలుగా ఎన్నో పీపాల సరుకు కలిపి, ఎప్పుడు కొన్నా ఒకే రుచి ఉండేలా చేస్తారు. ఇవి అలాంటివి కావు. ఇవి సింగిల్ బ్యారెల్, అంటే ఒక్క పీపాలోని సరుకునే, ఇంకోదానితో కలపకుండా సీసాల్లోకి దించినవి. ఏ పీపానో ఆ నంబరు లేబుల్ మీద వేస్తారు. గోడౌన్‌లో పక్కపక్కన పడుకున్న రెండు పీపాలు కూడా ఒకేలా రావు. చెక్క తేడా, గాలి తేడా, అడుగు వరసలో ఉందా పై వరసలో ఉందా అన్న తేడా. ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లల్లాగే, ఒకడు నెమ్మది, ఒకడు మంకు.

తెరిచిన సీసాను ఒక్కదాన్నే ముందు పెట్టుకుంటే నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అది మొదట ఎలా ఉండేదో తెలియాలి కదా. లేబుళ్ళు తిప్పి చూశాను. సీలున్న రెండిట్లో ఒకటి వేరే పీపాది. రెండోది, దేవుడి దయ, తెరిచిన సీసా పీపాదే. అదే నంబరు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఇది దాని తోబుట్టువు పెద్దమ్మా. ఒకే పీపా, ఒకే రోజు సీసాలో పడినట్టు. రెండూ పక్కన పెట్టి చూస్తే కొంత చెప్పగలను. కానీ సీలు తీయాలి, మరి."

"తియ్యి" అన్నారు.

గ్రేస్ వెళ్ళి వీధి తలుపు మూయబోయింది. "తెరిచి పెట్టు," అన్నారు సలోమమ్మ గారు, "దాచిపెట్టేదానికి దొంగతనం చేస్తా ఉండామా?" అంటూనే తను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడకు జరిగి కూర్చున్నారు.

తెల్ల కాగితం పరిచి మూడు ట్యులిప్ గ్లాసులు పెట్టాను. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండే గ్లాసులివి, వాసనను ఒకచోట పట్టి ఉంచుతాయి. పీపాకూ పీపాకూ తేడా ఎంతో తెలియాలని ముందు వేరే పీపాది కూడా సీలు తీసి చూశాను. ముదురు రంగు. లవంగం, ఎండు నారింజ తొక్క, ఎన్నాళ్ళో తెరవని బీరువా వాసన. మంచిదే గానీ బిర్రబిగుసుకున్న మనిషిలా ఉంది. తర్వాత తోబుట్టువు. అబ్బా! నా సర్వీసులో అంత మెత్తని వాసన కొద్దిసార్లే చూశాను. పండిన సపోటా, నేతిలో వేయించిన కిస్‌మిస్, పైన సన్నగా ఏవో పువ్వులు. నోట్లో తిప్పి, వాళ్ళిచ్చిన పాత బకెట్లో ఉమ్మాను.

"నిజంగానే ఊసేస్తా ఉందే!" అన్నారు సలోమమ్మ గారు కొంగు చాటు నుంచి. గ్రేస్‌కు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది.

చివరికి తెరిచిన సీసా. అదే పోలిక, సందేహం లేదు. కానీ పైనున్న పువ్వులు లేవు. సపోటా కూడా సగం పోయింది. అడుగున బెల్లం, చెక్క మిగిలాయి. సంచిలోంచి హైడ్రోమీటర్ తీశాను. పొడుగాటి గాజు గొట్టంలో సరుకు పోసి దీన్ని వదిలితే, ఎంత లోతుకు మునిగిందో చూసి ఘాటు ఎంతుందో చెప్పొచ్చు. రెండిటికీ కొలిచాను. తెరిచిన దాంట్లో ఘాటు తెలిసేంత తగ్గింది.

"తగ్గిందంటే?" గ్రేస్ అడిగింది.

చెప్పాల్సి వచ్చింది. "రెండు కారణాలుంటాయి. గాలి తగిలి ఎగిరిపోవచ్చు. లేదా..."

"తాగి, తాగినంత నీళ్ళు పోసి పెట్టొచ్చు" అని గ్రేసే పూర్తి చేసింది. "మా ఆయన చేసేది అదే కదా. బీరువాలో సీసా ఎప్పుడూ నిండుగానే ఉంటాది."

సలోమమ్మ గారి కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది. ఆమె సర్దుకోలేదు. నాకు గ్రేస్ మీద చెడ్డ కోపం వచ్చింది గానీ, ఆమె అన్నది న్యాయమైన అనుమానం. నా పనిలో నేనూ మొదట అదే అనుమానిస్తాను. గోడౌన్లలో ఎంతమందిని పట్టుకోలేదు!

రెండు గ్లాసులనూ గుమ్మం దగ్గర వెలుతురుకు తీసుకువెళ్ళి, కాగితం మీద పెట్టి, గ్రేస్‌ను పిలిచాను. "నువ్వే చూడు. నీళ్ళు కలిస్తే ఘాటొక్కటే పలచబడదు. రంగు పలచబడుతుంది, తీపి పలచబడుతుంది, చారులో నీళ్ళు పోసినట్టు అన్నీ కలిసి పడిపోతాయి. రంగులో తేడా ఉందా?"

ఆమె వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "లేదక్కా."

లేదు. నాలుక మీద కూడా బరువు తగ్గలేదు. నీళ్ళు పడలేదు. మూత చూస్తే తీసీ పెట్టీ, తీసీ పెట్టీ బెండు అంచు అరిగి వదులైంది. అంటే ఈ సీసాను ఎన్నోసార్లు తెరిచారు. కానీ సరుకు మట్టం సీసా మెడ నుంచి కిందికి దిగిందో లేదో అన్నట్టుంది. పోయింది రెండు మూడు చెంచాలు. ఆ మాటే చెప్పాను.

"తాగనోడు ఊరికే ఎందుకు తెరుస్తాడమ్మణ్ణీ?"

"వాసన చూడటానికి పెద్దమ్మా. నేను రోజూ చేసేది అదే కదా."

ఆమె సీసా మెడ వైపు చెయ్యి చూపించారు. "ఆ రెండు చెంచాలు యాడికి పోయినాయి? నేను చెప్పింది చుక్క కూడా తాగలేదని. చుక్కయినా చుక్కే గదా."

  కొంత ఎగిరిపోయి ఉంటుంది, అంతా ఎగిరిపోయిందని ఒట్టేసి చెప్పలేను అన్నాను. ఆమె మంచిదన్నట్టు తలూపారు గానీ, కళ్ళు నేల మీదే ఉన్నాయి. రేపు లేచి నిలబడి ఈ రెండు చెంచాల గురించి కూడా చెప్తారని నాకు అర్థమైంది. అలాంటి మనిషి. 

సర్దుకునే ముందు అలవాటుగా చేసే పని ఒకటుంది. సరుకు ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్దుతాం. ఘాటు క్షణంలో ఎగిరిపోయి, పీపా చెక్క వాసన, అసలు వాసన చేతికి మిగులుతుంది. పాత వ్యాపారులు, ఓడల్లో సరుకు చూసుకునేవాళ్ళు ఇలాగే చూస్తారు. తెరిచిన సీసాది ఒక చుక్క వేసుకుని రుద్ది, వాసన చూసి, గ్లాసు తీయడానికి సలోమమ్మ గారి వైపు చెయ్యి చాపాను.

ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆ చెయ్యి ఇట్టా ఇయ్యి."

ఎంత గట్టిగా పట్టుకున్నారంటే నేను కదలలేదు. నా అరచేతిని ముఖం దగ్గరికి తీసుకున్నారు. కొంగు అడ్డం లేదు. కళ్ళు మూసుకుని వాసన చూశారు, మళ్ళీ చూశారు.

"ఇది ఆయన చెయ్యి" అన్నారు.

 కళ్ళు తెరిచి ఆమే చెప్పారు. మధ్యాహ్నాలు ఆయన ఒక్కోసారి ట్రంకుపెట్టె ఉన్న లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారట. ప్రార్థన చేసుకుంటున్నాడని ఈమె ఎవరినీ అటు వెళ్ళనిచ్చేవారు కాదు. బయటికి వచ్చాక ఈమె తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థించేవారు. "నాకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ పెట్టినాడు. ఏందో తైలం రాసుకుంటాడు చేతులకు, వంట చేసి చేసి నొప్పులేమో అనుకున్నా. ఒక్కనాడన్నా అడగలేదు చూడు."

"అయితే నోట్లో పడలేదమ్మా," అంది గ్రేస్ తల్లి పక్కన కూలబడి, "చేతికే పోయింది అంతా."

నేను అవునన్నాను. ఇప్పుడు ఒట్టేసి చెప్పమన్నా చెప్పేదాన్ని.

సలోమమ్మ గారు సంతోషిస్తారనుకున్నాం. ఆమె ఏడవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలా, కొంగుతో తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఏడ్చారు.

"ఎందుకమ్మా? నాన్న మాట నిలబెట్టుకున్నాడు కదా."

"సముద్రం మీద నుంచి తూర్పు గాలి తోలిన రోజుల్లోనే పోయేవాడు ఆ గదిలోకి. ఇప్పుడు తెలస్తా ఉంది. నేను గదా దిగి వచ్చేయమన్నది ఓడ! బిడ్డ పెద్దదైపోతా ఉంది, ఇంక చాలు అన్నా. సరే సలోమీ అన్నాడు. వచ్చేసినాడు. ఓడోళ్ళు పంపేటప్పుడు ఇచ్చినట్టుండారు ఇవి, ఆ ఓడ వాసన వీటిల్లోనే మిగిలింది ఆయనకు. అప్పట్నించి ఒక్కనాడు కూడా సముద్రం మాటెత్తలేదు. మనూరి తీరానికి పోదాం రమ్మంటే కూడా వద్దనేవాడు. మరిచిపోయినాడనుకున్నా అమ్మణ్ణీ. నేను మరిచిపోయినాడనుకున్నా."

గ్రేస్ తల్లిని పట్టుకుని ఏడ్చింది. నేను గ్లాసులు కడిగే నెపంతో పెరట్లోకి వెళ్ళి, అక్కడ నిలబడి నేనూ ఏడ్చాను. ముక్కుతో బతికేదాన్ని, ముక్కు మూసుకుపోయేదాకా ఏడవడం మా పనికి మంచిది కాదు. అయినా ఏడ్చాను.

నేను లోపలికి వచ్చేసరికి సలోమమ్మ గారు ముఖం కడుక్కుని కూర్చున్నారు. "గ్రేసూ, ఆకలేస్తా ఉంది. అన్నం పెట్టు. ఈ బిడ్డకు కూడా పెట్టు." కంచాల్లో మాగాయ పచ్చడి, చేపల పులుసు పడ్డాయి. ఆమె రెండుసార్లు వడ్డించుకున్నారు.

తెరిచిన సీసా నా దగ్గరే ఉంది. ఏం చేయమంటారని అడిగాను. మిగతా రెండిటినీ తీసుకుపొమ్మన్నారు, ఇంట్లో వద్దన్నారు. మూడోదాన్ని తన ముందుకు జరుపుకున్నారు.

"దీనికి కొత్త బెండు ఏమన్నా ఉందా నీ సంచిలో? గట్టిగా పెట్టు అమ్మణ్ణీ. ఉన్న వాసన పోకూడదు."

నా దగ్గర రెండు మూడు బెండు మూతలు ఎప్పుడూ ఉంటాయి. సరిపోయేది చూసి బిగించి ఇచ్చాను.

ఆ సాయంత్రమే తిరిగి వెళ్దామనుకున్నాను గానీ ఆమె కదలనిస్తేనా! ఆదివారం కూడికలో ఆడవాళ్ళ వరసలో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. పాటలయ్యాయి, వాక్యం అయింది, పాస్టరు గారు ఆమెను పిలిచారు. లేచి నిలబడ్డారు. 

"మీకందరికీ వందనాలు. నా భర్త చుక్క తాగలేదని నేను ఏటా చెప్పినా. అది నిజమే. అయితే నేను చెప్పకుండా వదిలేసింది ఒకటుంది, నాకే తెలియదు కాబట్టి. ఆయనకు ఓడంటే ప్రాణం. నేనడిగితే దిగి వచ్చేసినాడు. అది ఆయనకు ఎంత కష్టమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తాగకుండా ఉండేది ఆయనకు కష్టం గాలేదు. నా కోసం సముద్రం చూడకుండా ఉండేది కష్టమైంది. అదీ చేసినాడు. ఇదే నా సాక్ష్యం."



ఇదంతా జరిగాక నా పనిలో ఒక్కటి మారింది. అంతకుముందు ఎవరైనా పాత సీసా తెస్తే, వాళ్ళను ఆవల కూర్చోబెట్టి, నా గ్లాసులూ నా కొలతలూ ముగించి, ఇదీ సంగతని తీర్పు చెప్పి పంపేసేదాన్ని. ఎవరైనా మధ్యలో మాట్లాడితే విసుక్కునేదాన్ని కూడా. ఆ రోజు నా సామానంతా వాడి, రంగులు చూసి, ఘాటు కొలిచి, నేను తేల్చింది ఆ సీసాలోకి నీళ్ళు పడలేదని మాత్రమే. ఇప్పుడు చనిపోయిన వాళ్ళ సామానులో దొరికిందని ఎవరైనా సీసా పట్టుకొస్తే, ముందు వాళ్ళ అరచేయి చాపమని, అందులో ఒక చుక్క వేస్తాను. వాళ్ళు చూశాకే నేను చూస్తాను.